ప్రాజెక్టు డైరీ: పాతకాలం గర్డిల్ ఒకటి కుడుతున్నాను

అక్టోబరు 5, ఆదివారం

ఈ తంటా ఎలా మొదలైందో ముందే రాసి పెట్టుకుంటాను, తర్వాత మర్చిపోతాను. మేముండేది డెలావేర్ రాష్ట్రంలో న్యూఆర్క్. వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు కుట్టుమిషను. ఇక్కడి నాటకాల బృందానికి రెండేళ్ళుగా బట్టలు కుట్టిపెడుతున్నాను, డబ్బులేం రావు, పిచ్చి అంతే. ఈసారి నాటకం 1958లో ఒక ఆఫీసులో జరుగుతుంది, అందులో ముగ్గురు టైపిస్టు అమ్మాయిలు. వాళ్ళకి ఒంటిని పట్టి ఉండే పెన్సిల్ స్కర్టులు కుట్టాను. కొలతల్లో ఎక్కడా తేడా లేదు, కుట్టు చూసుకుని నాకే ముచ్చటేసింది. తీరా వేసుకుని నిలబడితే ముగ్గురూ ఇప్పటి అమ్మాయిల్లాగే ఉన్నారు, పాత స్కర్టు తొడుక్కున్నారంతే. డైరెక్టరు "ఏదో లేదు" అంటాడు, ఏది లేదో చెప్పలేడు.

చెప్పింది మా పక్కింటి పెద్దావిడ. ఎనభై ఆరేళ్ళు. ఫోన్లో ఫొటో చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి, ఫోను ముక్కు దాకా తెచ్చుకుని చూసి, "లోపల గర్డిల్ లేదుగా, ఇంకెలా కుదురుతుంది" అంది. ఆగి, "వెనక నుంచి చూస్తే పిర్రలు రెండు కనపడకూడదమ్మాయ్, ఒక్కటే కనపడాలి" అంది. టీ తాగుతున్న మా ఆయన కప్పు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి గర్డిల్ కుట్టబోతున్నానని చెప్పాను. అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి. "అంటే ఏంటే?" అంది. తెలుగులో ఏమంటారో నాకూ తట్టక నిఘంటువు తీస్తే వడ్డాణం, మొలనూలు అని ఉంది, అదే చదివి వినిపించాను. "వడ్డాణం కుట్టడమేంటే నీ మొహం, కంసాలి దగ్గర చేయిస్తారు గానీ. వన్ గ్రామ్ గోల్డా?"

కాదమ్మా. నడుము దగ్గర మొదలై తొడల మీద దాకా వచ్చే లోదుస్తు, సాగుతుంది, ఒంటిని గట్టిగా పట్టి నొక్కి ఉంచుతుంది, కింద మేజోళ్ళు తగిలించుకోవడానికి క్లిప్పులుంటాయి. అమెరికాలో 1930ల నుంచి 1960ల దాకా చిన్నా పెద్దా, లావూ సన్నం అని లేకుండా చాలామంది ఆడవాళ్ళు రోజూ వేసుకున్నారు. అంతకు ముందు తాళ్ళు బిగించే కార్సెట్ ఉండేది, 1931లో లాస్టెక్స్ వచ్చింది, అంటే సన్నటి రబ్బరు దారానికి నూలో పట్టో చుట్టి తీసిన నూలు. దానితో గుడ్డ నేస్తే సాగడం మొదలైంది, తాళ్ళతో పని తగ్గిపోయింది. అమ్మ అంతా విని, "మరి అన్నం తిన్నాక ఎట్లా?" అంది. సరైన ప్రశ్న.

అక్టోబరు 8, బుధవారం

పెద్దావిడ అటక మీది అట్టపెట్టె మా ఆయన చేత దింపించింది. అందులో రెండున్నాయి.

మొదటిది వెండిరంగు గొట్టం డబ్బాలో ఉంది. మూత తీయగానే సైకిల్ పంక్చర్ షాపు వాసన. గుడ్డ అనేదే లేకుండా అచ్చంగా రబ్బరు, గాలి ఆడటానికి ఒళ్ళంతా చిన్న చిన్న చిల్లులు. ప్లేటెక్స్ వాళ్ళు 1940లో ఇలాంటి లేటెక్స్ గర్డిల్ తెచ్చారు, గొట్టాల్లో పెట్టి అమ్మేవారు. ఒంటికి పౌడరు దట్టంగా జల్లుకుంటే తప్ప ఎక్కదు, సాయంత్రం తీసేటప్పుడు చెమటకి చర్మంతో పాటు ఊడొస్తుందా అన్నట్టుండేదట. మడత విప్పబోతే ఒకచోట లేత పాకంలా సాగింది, ఇంకోచోట పెంకులా విరిగింది. రబ్బరుకి వయసైతే అంతే. మళ్ళీ గొట్టంలో పెట్టేశాను, ఇది నా వల్ల కాదు.

రెండోది గుడ్డది. ఒకప్పటి తెలుపు ఇప్పుడు పలచని టీ రంగు. లేబుల్ మీద నైలాన్ ఇంత శాతం, ఎసిటేట్ ఇంత, రబ్బరు ఇంత అని లెక్క ఉంది. అమెరికాలో బట్టల మీద పీచుల శాతాలు వేయాలన్న చట్టం 1960 మార్చిలో అమల్లోకి వచ్చింది కాబట్టి ఇది అంతకంటే పాతది అయ్యే అవకాశం తక్కువ. పెళ్ళికి ముందు కొన్నానని ఆవిడ అంటోంది, పెళ్ళి 1962. లెక్క కుదిరింది. స్పాండెక్స్ పేరు, అంటే ఇప్పటి సాగే బట్టల్లో వాడే పీచు, ఇందులో లేదు. డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ దాన్ని 1958లో కనిపెట్టాడు, లైక్రా పేరుతో బజారు నిండా రావడానికి ఇంకొంచెం టైం పట్టింది. అంటే నా చేతిలో ఉన్నది రబ్బరు కాలం చివరి సరుకు.

కొలతలు తీశాను. నడుము బల్ల మీద పరిచి కొలిస్తే 11న్నర అంగుళాలు, అంటే చుట్టూ 23. లేబుల్ మీద మాత్రం 27 నుంచి 28 నడుముకి అని ఉంది. ఆ తేడాయే దీని పని మొత్తం. జాకెట్టుకి మనం లూజు వదులుతాం, దీనికి లూజు తీసెయ్యాలి. ముప్ఫై ఏళ్ళు అమ్మ నేర్పినదానికి సరిగ్గా తలకిందులు.

ముందు భాగంలో పొట్ట మీదికి డాలు ఆకారంలో శాటిన్ ముక్క, రెండు పొరలు, అస్సలు సాగదు. పక్కల్లో వలలాంటి గుడ్డ, అడ్డంగా బాగా సాగుతుంది. వెనక ముక్క అన్నింటికంటే తెలివైనది, అది అడ్డంగా సాగదు, నిలువుగా మాత్రమే సాగుతుంది. ఎందుకో అర్థంకాక కాసేపు అటూ ఇటూ లాగి చూశాను. తర్వాత కుర్చీలో కూచున్నప్పుడు నా వెనక టేపు పెట్టి కొలుచుకుంటే తెలిసింది, కూచుంటే వెనక పొడవు పెరుగుతుంది. అది సాగకపోతే నడుము దగ్గర కిందికి జారిపోతుంది. ఇది గీసినవాళ్ళెవరో ఆడవాళ్ళు కూచుంటారని గుర్తుంచుకున్నారు.

అక్టోబరు 12, ఆదివారం

అచ్చు తీయడం. ఆవిడ వస్తువు కాబట్టి కుట్లు విప్పలేదు. థర్మకోల్ షీటు మీద పేపరు పరిచి, దాని మీద గర్డిల్ పెట్టి, కుట్టు వెంబడి గుండుసూదులు గుచ్చుకుంటూ పోయాను. చిన్నా పెద్దా పదకొండు ముక్కలు. నా డబ్బాలో నలభై గుండుసూదులు, మొదలుపెట్టేటప్పుడు లెక్క, ముగించేటప్పుడు లెక్క. ఇది అమ్మ అలవాటు, ఒకసారి పెళ్ళికూతురి జాకెట్లో సూది మిగిలిపోయిన దగ్గర్నుంచి.

సూదులంటే ఒకటి చెప్పాలి. మాకు గంట దూరంలో డోవర్ ఉంది, ప్లేటెక్స్ గర్డిళ్ళు చేసిన ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ ఉన్న ఊరు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద తొడుక్కున్న సూట్లు కుట్టిందీ వాళ్ళే. లోదుస్తుల మిషన్ల మీద చెయ్యి తిరిగిన ఆడవాళ్ళని తీసుకెళ్ళి ఆ సూట్ల మీద కూచోబెట్టారు. పొర మీద పొర పేర్చి కుట్టే సూటులో ఒక్క గుండుసూది మిగిలినా గాలి పోయే ప్రమాదం, అందుకని సూదులకి లెక్క, అది చాలదన్నట్టు సూట్లకి ఎక్స్‌రే. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ దిగినప్పుడు ఆ కుట్లు వేసిన చేతులు డోవర్లో టీవీల ముందున్నాయి. పక్కింటావిడకి ఇది చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "సాగే గుడ్డ మీద వంకర లేకుండా కుట్టగలిగినవాళ్ళు ఏదైనా కుడతారు" అంది.

అక్టోబరు 18, శనివారం. శాంపిల్ 1

ఘోరం. వల గుడ్డ అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ సాగుతుంది. చీటీ అంటించి పెట్టుకుని కూడా దిశ తప్పు పెట్టి కత్తిరించాను. కొలత నాదే కదా అని నేనే వేసుకుని చూడబోయాను. తొడల సగం దాకా వచ్చి ఆగింది. పైకి రాదు, కిందికి పోదు. పది నిమిషాలు బాత్రూంలో గెంతాను. మా ఆయన తలుపు అవతల నుంచి "ఏవన్నా పడ్డాయా? ఎవరికైనా ఫోన్ చెయ్యనా?" అంటాడు. ఎవరికి చేస్తారండీ, ఏమని చెప్తారు? చివరికి కొబ్బరినూనె.

గజంన్నర గుడ్డ బుట్టపాలు.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. మిషను ముట్టలేదు.

సాయంత్రం మనవాళ్ళింట్లో పార్టీకి వెళ్తే కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఒకతి చీర కట్టు చూసి అందరూ మెచ్చుకుంటుంటే గుసగుసగా చెప్పింది, లోపల లంగా కాదక్కా, షేప్‌వేర్ అని. నడుము నుంచి మడమల దాకా అతుక్కుని ఉండే లంగా. ఇప్పుడు పెళ్ళికూతుళ్ళందరూ ఇదేనట. ప్లేటు నిండా పులిహోర పెట్టుకుని మూడు ముద్దలు తిని వదిలేసింది పాపం.

అక్టోబరు 25, శనివారం. శాంపిల్ 2

ఈసారి దిశ సరిగ్గా పెట్టాను, ఎక్కింది. అద్దంలో చూసుకుంటే నిజంగానే 1958. సంబరపడి కుర్చీలో కూచున్నాను. టప్. టప్ టప్ టప్. పక్క కుట్టు నాలుగంగుళాలు విచ్చుకుపోయింది. గుడ్డ సాగింది, దారం సాగలేదు. మామూలు కుట్టు వేస్తే ఇంతేనని ఎవరైనా చెప్తారు, నాకూ తెలుసు, తొందర.

మళ్ళీ విప్పి మూడంచెల జిగ్‌జాగ్ వేశాను, అంటే ఒక్కో వంకరకీ మూడు చిన్న పోట్లు. స్ట్రెచ్ సూది 11 నంబరు, పాలిస్టర్ దారం. మామూలు సూదితో అయితే పోట్లు దాటేస్తోంది. నడుము పట్టీకి లోపలివైపు మెత్తగా నూగున్న ఎలాస్టిక్. జిప్పు కింద ఒక గుడ్డ నాలుక, చర్మం జిప్పులో పడకుండా. పాతదాంట్లో ఈ నాలుక అంచు అరిగి పోగులు లేచి ఉంది, అంటే ఆ అరవై ఏళ్ళ కిందటి ఉదయాల్లో ఎన్నిసార్లు పైకీ కిందికీ ఆడిందో ఆ జిప్పు.

నవంబరు 1, శనివారం. శాంపిల్ 3

కుట్లు ఆగాయి. ఇంకో రోగం వచ్చింది, పైకి ఎక్కుతోంది. వంటింట్లో నాలుగడుగులు వేస్తే కింది అంచు చుట్ట చుట్టుకుని తొడల మీద నుంచి పైకి ప్రయాణం. కిందికి లాక్కుంటే నడుము దగ్గర మడత. నడుము మడవకుండా ముందు వైపు స్టీలు కడ్డీలు నాలుగు వేశాను, పైన ఆగింది గానీ కింద ఆగలేదు. కింద పట్టీ బిగించాను, ఇంకా త్వరగా చుట్టుకుంటోంది. వదులు చేశాను, అదే కథ. లోపల సిలికాన్ గీత ఉన్న ఎలాస్టిక్ వేస్తే ఆగింది, కానీ అది 1958లో లేదు, పైగా గంటలో దురద.

సాయంత్రం చిరాకుగా ఉండి అమ్మతో మాట్లాడాను. అమ్మ లంగా బొందు కాస్త కిందికి జరిపి నడుము చూపించింది, నల్లగా గట్టిపడ్డ గీత, చుట్టూ. "నలభై ఏళ్ళ నాడా ఇది. ఎవరూ దీన్ని ఫ్యాషను అనలేదు, బాధ అనీ అనలేదు" అంది. నేను పుట్టినప్పుడు అమ్మమ్మ పాత నూలుచీర చించి పొట్టకి నడికట్టు కట్టేదట, రోజూ పొద్దున్నే, తను కాలితో తన్నిపెట్టి మరీ బిగించేదట. "అది విప్పేస్తే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేదే కొన్నాళ్ళు." ఈ మాట ఎందుకో నోట్‌బుక్కులో రాసుకున్నాను.

నవంబరు 2, ఆదివారం

దొరికింది.

పెద్దావిడకి శాంపిల్ చూపించి నా ఏడుపు ఏడిస్తే, ఆవిడ క్లిప్పులు వేలాడుతున్న ఎలాస్టిక్ పట్టీలు పట్టుకుని ఊపి, "వీటికేం తగిలించావు?" అంది. ఏమీ లేదండీ, ముందు ఒంటికి కుదరనివ్వండి, మేజోళ్ళు తర్వాత చూస్తాను అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు, అమ్మ దగ్గర మొదటిసారి చంక ముక్క తిరగేసి అతికినప్పుడు అమ్మ చూసిన చూపే.

ఆరు పట్టీలు, ఒక్కో కాలికి మూడు. మేజోడు పట్టీని కిందికి లాగుతుంది, పట్టీ గర్డిల్ అంచుని కిందికి లాగుతుంది, నడుము పట్టీ దాన్ని పైకి పట్టి ఉంచుతుంది. పాదం దగ్గర నుంచి నడుము దాకా మొత్తం ఒకే లాగుడు. నేను మూడు వారాలుగా సగం యంత్రం కుట్టి, ఎందుకు నడవట్లేదని తల బాదుకుంటున్నానన్న మాట. గర్డిల్ పొట్ట నొక్కడానికే అనుకున్నాను, మేజోళ్ళకి కొక్కెం కూడా అదే. 1940 మే నెలలో నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. అవి ఇప్పటివాటిలా సాగి కాలికి అతుక్కునేవి కావు, తగిలిస్తేనే ఆగేవి. కాళ్ళకి మేజోళ్ళు లేకుండా ఆఫీసుకి పోకూడదు, మేజోళ్ళు ఆగాలంటే గర్డిల్ ఉండాలి. సన్నగా పుల్లలా ఉన్న అమ్మాయిలు కూడా ఎందుకు వేసుకున్నారా అని ఇన్నాళ్ళూ నాకున్న అనుమానం తీరింది.

గర్డిల్ వాడకం పడిపోయింది కూడా ఇక్కడే. 1959లో నార్త్ కరోలినాలో గ్లెన్ రావెన్ మిల్స్ వాళ్ళు చెడ్డీ, మేజోళ్ళు కలిపి ఒకటే చేశారు, పాంటీహోస్. 60ల మధ్యలో స్కర్టులు మోకాళ్ళ పైకి వెళ్ళాక క్లిప్పులు దాచే చోటు లేకుండా పోయింది. 1968 సెప్టెంబరు 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట ఆడవాళ్ళు ఒక చెత్తడబ్బా పెట్టి గర్డిళ్ళు, బ్రాలు, హైహీల్స్, దొంగ కనురెప్పల వెంట్రుకలు అందులో పారేశారు. తగలబెట్టారని లోకమంతా చెప్పుకుంది గానీ మంట పెట్టనే లేదు. మీరూ పారేశారా అని అడిగితే ఆవిడ నవ్వి, "నేను పారేయలేదు. ఒక ఎండాకాలం వేసుకోవడం మానేశాను. ఎవరూ అడగలేదు. అన్నేళ్ళూ ఎవరో అడుగుతారని వేసుకున్నాను" అంది.

అడిగేవాళ్ళూ ఉండేవారు మరి. ఆవిడ స్నేహితురాలు ఎయిర్‌హోస్టెస్‌గా చేసింది, డ్యూటీకి ముందు సూపర్‌వైజరు వెనక వేలితో కొట్టి చూసేదట, లోపల గర్డిల్ ఉందా లేదా అని. అప్పట్లో చాలా విమాన సంస్థల్లో ఇది మామూలే. "ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఎంత పొందికగా ఉండేవారో" అని ఎవరైనా పాత ఫొటోలు పెడితే ఇకమీదట నాకు ఆ వేలే గుర్తొస్తుంది.

నవంబరు 8, శనివారం

సాగని నైలాన్ మేజోళ్ళు వచ్చాయి, వెనక గీత ఉన్నవి. సైజు పాదం కొలత, కాలి పొడవు రెండూ చూసి తెప్పించాలి. తగిలించడం పెద్దావిడ దగ్గరుండి నేర్పింది. రబ్బరు గుండీ మీదికి మేజోడు అంచు లాగి, దాని మీద తీగ కొక్కెం జార్చి నొక్కాలి. వెనక పట్టీలు మాత్రం కూచుని తగిలించుకోవాలి, నిలబడి బిగించుకుంటే కూచోగానే మేజోడు చిరుగుతుంది. ఆవిడ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకరపోయాయి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటుంది, కానీ ఆ క్లిప్పు మాత్రం చూడకుండా ఒక్క బొటనవేలితో పెట్టేసింది. నాకు ఏడోసారికి వచ్చింది.

ఒక క్లిప్పులో రబ్బరు గుండీ ఊడిపోతే ఒక సెంటు నాణెం పెట్టమంది. ఆఫీసులో అందరూ అదే చేసేవారట, నాణెం లేకపోతే యాస్పిరిన్ బిళ్ళ.

వేసుకుని మెట్లెక్కాను, దిగాను, కూచున్నాను, వంగి గిన్నెలు డిష్‌వాషర్‌లో పెట్టాను. కదల్లేదు! నడుము మాత్రం దానంతటదే నిటారుగా ఉంది, రోజంతా కంప్యూటర్ ముందు వంగిపోయే నా వీపుకి హాయిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. రెండో గంటకి హాయి పోయింది. మూడో గంటకి అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది, సగం దోసె తిన్నాను.

ఆవిడ మొదటి గర్డిల్ సంగతి కూడా ఇవాళే చెప్పింది. పదమూడేళ్ళు, 1952. వాళ్ళమ్మ బస్సులో విల్మింగ్టన్ తీసుకెళ్ళింది, పెద్ద షాపులో మూడో అంతస్తు. మెడలో టేపు వేసుకున్న ఫిట్టర్ ఒకావిడ తెర వెనకాల మోకాళ్ళ మీద కూచుని కొలతలు తీసుకుని, పేరు అడిగి, కార్డు మీద రాసుకుంది. తర్వాత ప్రతి ఏడూ వెళ్తే ఆ కార్డు తీసేది. పెళ్ళికి ముందు, ఇద్దరు పిల్లల తర్వాత, ఒక పిల్ల దక్కకపోయిన ఏడు. "నా ఒంట్లో ఏం జరిగిందో డాక్టరు కంటే ఆవిడకి ఎక్కువ తెలుసు. ఏనాడూ ఒక్క మాట అనేది కాదు. గర్డిల్ నాకేం గుర్తురాదు, ఆ షాపులో ఆ విభాగం ఎత్తేశారు చూడు, అది గుర్తొస్తుంది."

అమ్మ దగ్గర ఎర్ర అట్ట కొలతల పుస్తకం ఒకటి ఉంది. మా వీధిలో ఆడవాళ్ళ పేర్లన్నీ, పక్కన అంకెలు, ఏడాదికి ఏడాది కొట్టేసి కొత్తవి. 34, 34, 38, 36, ఒక పేరు ఎదురుగా తర్వాత ఏమీ లేదు. చిన్నప్పుడు దాని మీద లెక్కలు చేసుకుంటే అమ్మ వీపు పగలగొట్టింది, అదొక్కసారే కొట్టింది నన్ను.

నవంబరు 16, ఆదివారం. రిహార్సల్

మొదటి గర్డిల్ పూర్తి, లెక్కేస్తే ఇరవై తొమ్మిది గంటలు, చెడగొట్టిన గుడ్డ కాక. హెడ్ టైపిస్టు పాత్ర వేసే అమ్మాయికి ఇచ్చాను. మొదటి పది నిమిషాలు బొమ్మలా నడిచింది. తర్వాత ఏమైందో గానీ కుర్చీ అంచున కూచుంది, రెండు మోకాళ్ళు ఒకవైపుకి, వీపు నిటారు, కింద పడ్డ కాగితం తీయడానికి నడుము వంచకుండా మోకాళ్ళు వంచింది. ఎవరూ నేర్పలేదు, ఇంకోలా వంగడం కుదర్లేదంతే. డైరెక్టరు "ఇదీ!" అని అరిచాడు, ఆరు వారాల తర్వాత కూడా అదేంటో అతనికి తెలియదు.

పెద్దావిడని తీసుకెళ్ళాను. ఎలాస్టిక్ ప్యాంటు, నడక బూట్లు వేసుకుని మొదటి వరసలో కూచుంది. ఏమంటుందా అని టెన్షన్. "ఎడమ మేజోడు గీత వంకరగా ఉంది" అంది, అంతే.

అయిపోయాక ఆ అమ్మాయి గదిలోకి వెళ్ళింది, మేమిద్దరం బయట నిలబడ్డాం. జిప్పు చప్పుడు, క్లిప్పులు టిక్కు టిక్కుమని ఆరు, సెంటు నాణెం నేల మీద దొర్లిన చప్పుడు, ఆ తర్వాత లోపల నుంచి హమ్మయ్య అని ఇంత పొడుగు నిట్టూర్పు. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆగదు. "సరిగ్గా కుట్టావు" అంది.

ఇంకా రెండు కుట్టాలి, మూడు వారాల టైముంది. ఇంటికొచ్చి గుండుసూదులు లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి.